మూల చుక్కల సాక్ష్యం

ఆకాశాన్ని ఫొటో తీసే అభిరుచి ఉన్నవారికి ఒక చిక్కు తప్పదు. చిత్రం నడుమ నక్షత్రాలు ఆవగింజల్లా గుండ్రంగా పడతాయి. మూలలకు పోయేసరికి అవే నక్షత్రాలు సాగిపోతాయి. కొన్ని వడ్లగింజల్లా, కొన్ని తోక మొలిచిన చుక్కల్లా, మరికొన్ని రెక్కలు విప్పిన పురుగుల్లా కనిపిస్తాయి. (జ్యోతిషంలోని మూలా నక్షత్రం సంగతి కాదు నేను చెప్పబోయేది, చిత్రానికి నాలుగు మూలల్లో చిక్కుకున్న నక్షత్రాల సంగతి.) దూరదర్శినులూ కెమెరాలూ అందుబాటులోకి వచ్చిన ఈ రోజుల్లో, హైదరాబాదు వెలుతురుకు దూరంగా భువనగిరి దాటి వచ్చి రాత్రంతా మేల్కొనే యువకులు దీన్నొక కొత్త సమస్యగా భావిస్తారు. నిజానికి భువనగిరికి పడమరగా యాభై కిలోమీటర్ల దూరాన, బేగంపేటలో, ఇదే చిక్కుతో ఒక వేధశాల దశాబ్దాల పాటు కాపురం చేసింది. ఆ కథ మనవాళ్లలో చాలామందికి తెలియదు. తెలియవలసినది అని నా అభిప్రాయం.

కథ మొదలైంది మాత్రం పారిస్‌లో. 1887 ఏప్రిల్‌లో పారిస్ వేధశాల అధిపతి అడ్మిరల్ మూషే పిలుపు మీద నానాదేశాల ఖగోళజ్ఞులు అక్కడ సమావేశమయ్యారు. అప్పటికే పాల్, ప్రాస్పర్ హెన్రీ అనే సోదరులు పదమూడు అంగుళాల కటకంతో, ఫొటో కోసమే తీర్చిన దూరదర్శినిని సిద్ధం చేసి ఉన్నారు. కంటికి అందని చుక్కలు గాజు పలక మీద వేల సంఖ్యలో దిగడం చూసి మూషేకు ఒక మహత్తరమైన ఆలోచన కలిగింది: ఆకాశాన్నంతటినీ వేధశాలలు పంచుకుని, ఒకే తీరు పరికరాలతో, ఒకే కొలతలతో పటం తీయాలి. పదకొండో తరగతి వరకు ఉన్న నక్షత్రాల స్థానాలన్నీ కొలిచి పట్టికగా ప్రచురించాలి. పద్నాలుగో తరగతి వరకు ఉన్నవాటికి పటం గీయాలి. ఆ పట్టికకు ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ అనీ, పటానికి కార్త్ దు సియెల్ అనీ పేర్లు. మొదట పద్దెనిమిది వేధశాలలు ఒప్పుకున్నాయి. పదేళ్లలో, మహా అయితే పదిహేనేళ్లలో అయిపోతుందనుకున్న పని అది. ఎంత కాలం పట్టిందో ముందు ముందు చూస్తారు.

అందరికీ పెట్టిన ముఖ్యమైన నియమం స్కేలు. పలక మీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక నిమిషానికి, అంటే డిగ్రీలో అరవయ్యో వంతుకు సమానం కావాలి. దానికి కటకం నాభ్యంతరం 3.43 మీటర్లు ఉండాలి. ఒక్కో పలక ఆకాశంలో రెండు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పు ఉన్న చదరాన్ని పట్టుకుంటుంది. అంటే చిత్రం నడిబొడ్డు నుంచి మూలకు దూరం 85 మిల్లీమీటర్లు. మన కథంతా ఆ 85 మిల్లీమీటర్ల చివరనే ఉంది.

కటకం తయారుచేసే ప్రతిబింబం చదునుగా ఉండదు. గిన్నె లోపలి గోడలా వంగి ఉంటుంది. గాజు పలక చదును. వంపు గిన్నె మీద చదును పళ్లెం పెట్టినట్టు, నడుమ కుదిరితే అంచుల్లో ఎడం, అంచుల్లో కుదిరితే నడుమ ఎడం. ఆ కాలపు సాదా రెండు గాజుల కటకానికి లెక్క కడితే, 85 మిల్లీమీటర్ల దూరంలో ఆ ఎడం సుమారు మూడు మిల్లీమీటర్లు తేలుతుంది. నడుమ నక్షత్రాన్ని సూదిమొనలా నిలిపితే, మూలలో అది పావు మిల్లీమీటరు వెడల్పు మరక అవుతుంది. ఆకాశంలో పదహారు సెకన్ల కోణమన్నమాట. నక్షత్రం స్థానాన్ని సెకనులోపు కచ్చితత్వంతో తెలుసుకోవాలని కూర్చున్నవాళ్లకు పదహారు సెకన్ల మరక! అందుకే ఎక్కడా మరీ చక్కగా ఉండకుండా, ఎక్కడా మరీ చెడకుండా, నడుమకూ అంచుకూ మధ్య ఒకచోట నాభిని కుదిర్చి రాజీపడేవారు. దానికి తోడు, అంచు కిరణాలు ఒకచోట కలవక చుక్కను అడ్డంగానో నిలువుగానో సాగదీసే అస్టిగ్మాటిజం. చుక్కకు ఒక పక్క తోక తొడిగే కోమా. ఈ మూడూ కటకం పుట్టుకతో వచ్చిన గుణాలే. పనివాడి లోపాలు కావు.

పారిస్ పెద్దలకు ఇదంతా తెలుసు. తెలిసే ఒక ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటు అందం నన్ను ఇప్పటికీ ఆకట్టుకుంటుంది. పలకలను నేల మీద బండలు పరిచినట్టు పక్కపక్కన పరచలేదు. ఒక్కో వరుసను డిగ్రీ చొప్పున మాత్రమే జరిపి, పక్క వరుసను అడ్డంగా కూడా ఒక డిగ్రీ తప్పించారు. దాని ఫలితం: ఒక పలకలో మూలన పడిన నక్షత్రం పక్క వరుస పలకలో సరిగ్గా నడుమ పడుతుంది. ప్రతి చుక్కా కనీసం రెండు పలకల్లో ఉంటుంది. ఒకచోట వికారంగా, మరొకచోట చక్కగా. మూల ఎంత తప్పు చెబుతోందో పక్క పలక నడిబొడ్డును అడిగి తెలుసుకోవచ్చు. మూలలను కత్తిరించి పారేయలేదు, దాచలేదు. వాటికి సాక్షిని నియమించారు.

ఇక హైదరాబాదు సంగతి. నిజాం సైన్యంలో ఉన్నత పదవిలో ఉన్న నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండులో చదువుకున్న ప్రభువు. నలుగురూ గుర్రాల మీద, వేటల మీద డబ్బు ధారపోసే రోజుల్లో ఆయన గ్రబ్ కంపెనీ పదిహేను అంగుళాల దూరదర్శినిని కొన్నాడు. 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేట్‌లో వేధశాల నెలకొల్పి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టుకున్నాడు. కుక్ కంపెనీవారి ఎనిమిది అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్ కూడా ఆయన సమకూర్చినదే. 1907లో ఆయన మరణించాడు. మరుసటి ఏడాది ప్రభుత్వం వేధశాలను స్వాధీనం చేసుకుని ఆర్థర్ చాట్‌వుడ్‌ను అధిపతిగా నియమించింది. ఆయన హయాంలోనే అది బేగంపేటకు మారింది, ఆస్ట్రోగ్రాఫ్‌ను నిలబెట్టారు.

ఈలోగా పారిస్ పథకంలో ఒక ఖాళీ ఏర్పడింది. దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీని చిలీ దేశపు శాంటియాగోకు కేటాయించారు. అక్కడ పని సాగలేదు. ఆ పట్టీ హైదరాబాదు పాలైంది. 1914లో చాట్‌వుడ్ స్థానంలో ఆక్స్‌ఫర్డ్ నుంచి రాబర్ట్ పోకాక్ వచ్చాడు. పలకలు తీయడం, కొలవడం జోరందుకున్నది ఆయన చేతుల మీద. నాలుగేళ్లకే, 1918లో, మూడు పదులైనా నిండకుండా ఆయన పోయాడు. తరువాత టి. పి. భాస్కరన్ పగ్గాలు అందుకుని 1944 వరకు నడిపారు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. దక్షిణపు పట్టీ ముగింపుకొచ్చే వేళకు మరొక ఖాళీ కనిపించింది. జర్మనీలోని పోట్స్‌డామ్ వదిలేసిన భాగంలో ఉత్తర క్రాంతి 36 నుంచి 39 వరకు కూడా హైదరాబాదే తలకెత్తుకుంది. చివరకు పన్నెండు సంపుటాలుగా పని అచ్చయింది. వేరే దేశాల వేధశాలలు చేతులెత్తేసిన రెండు ముక్కలను మన దక్కనీ వేధశాల పూర్తిచేసిందని గట్టిగా చెప్పుకోవడానికి మనం ఎందుకు సంకోచిస్తామో నాకు అర్థం కాదు.

అక్షాంశం కూడా అనుకూలించింది. బేగంపేట అక్షాంశం 17 డిగ్రీల 26 నిమిషాలు. భువనగిరిది ఇంచుమించు అదే. లుబ్ధకుడు అని మనవాళ్లు పిలిచిన సిరియస్ దక్షిణపు పట్టీ అంచున పడుతుంది; మన ఆకాశంలో అది 56 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. అనూరాధ యోగతార కూడా ఆ పట్టీలోనిదే. అభిజిత్తు, అంటే వేగా, ఉత్తరపు పట్టీలోకి వస్తుంది. అది మన ఆకాశంలో చాలా ఎత్తుకే వస్తుంది. పోట్స్‌డామ్‌లో కూర్చుని దక్షిణపు పట్టీ చూడబోతే దిగంతపు పొగమంచులో వెదుక్కోవాలి.

ఎనిమిది అంగుళాల ద్వారం అంటే నియమానికి తక్కువే. మిగతావారివి పదమూడు అంగుళాలు. స్కేలు కుదరాలంటే నాభ్యంతరం మాత్రం తగ్గించడానికి వీల్లేదు. కాబట్టి హైదరాబాదు కటకం కాంతిశంకువు సన్నగా, పొడవుగా ఉంటుంది. దానివల్ల వెలుగు తక్కువ వస్తుంది; కానీ మూలల్లో మరక కూడా ఆ మేరకు చిన్నదవుతుంది. కెమెరాలో ద్వారం తగ్గిస్తే మూలలు కుదుటపడటం నేటి ఫొటోగ్రాఫర్లు అందరూ ఎరిగినదే. ఇది అదే సూత్రం. లేమి వల్ల కలిగిన లాభం అనుకోండి.

పలక పని ఎలా సాగేదో కాస్త వివరంగా చెప్పాలి. చిత్రం తీయకముందే పలక మీద అయిదు మిల్లీమీటర్ల గళ్లను సన్నని గీతలుగా ముద్రించేవారు. నక్షత్రాలతోపాటు ఆ గళ్లు కూడా డెవలప్ అవుతాయి. దీని ప్రయోజనం ఏమిటంటే, పలక మీది జిలాటిన్ పొర తడిసి ఆరేటప్పుడు జరుగుతుంది, ముఖ్యంగా అంచుల దగ్గర. వెచ్చని నీళ్లలో జిలాటిన్ మెత్తబడుతుంది కనుక ఎండలు మండే ఊళ్లో ఈ బెడద మరింత. పొర జరిగితే గళ్లూ జరుగుతాయి. చుక్కను దాని పక్క గీత నుంచి కొలిస్తే ఆ దోషం చాలావరకు తీసివేతలో పోతుంది. ఒక్కో పలక మీద మూడుసార్లు, ఆరు నిమిషాలు, మూడు నిమిషాలు, ఇరవై సెకన్ల చొప్పున, ప్రతిసారీ దూరదర్శినిని కొంచెం జరిపి కాంతిని పట్టేవారు. నిజమైన నక్షత్రం మూడు చుక్కలుగా పడుతుంది. దుమ్ము మచ్చ ఒక్కటిగానే ఉంటుంది. తరువాత సూక్ష్మదర్శిని కింద పెట్టి, ప్రతి చుక్కకూ అడ్డం ఒక అంకె, నిలువు ఒక అంకె రాసుకోవాలి. ఏడు వరుసల దక్షిణపు పట్టీకే వెయ్యికి పైగా పలకలు, పలకకు వందల చుక్కలు. కంటితో, చేత్తో, ఏళ్ల తరబడి. వాటికన్ వేధశాల కొలతలు చేసిన సన్యాసినుల ఫొటో ప్రపంచమంతా చూసింది. బేగంపేటలో కళ్లు కాయలు కాసేలా కొలిచినవారిని తలుచుకునేవారు లేరు.

ఇక్కడే కోమా తన అసలు వేషం చూపిస్తుంది. చుక్క వికారంగా ఉండటం ఒక్కటే అయితే బాధ లేదు. అన్ని చుక్కలూ ఒకే తీరుగా వికారమైతే లెక్కలో సర్దుకోవచ్చు. కానీ ప్రకాశమైన నక్షత్రానికి తోక స్పష్టంగా పడుతుంది, కొలిచేవాడి కన్ను చుక్క నడుమ అనుకునే చోటు తోకవైపు జరుగుతుంది. మినుకుమినుకుమనే నక్షత్రానికి తోక పలక మీద నమోదే కాదు. దాని కేంద్రం జరగదు. పక్కపక్కనున్న రెండు చుక్కలు వాటి వెలుగును బట్టి వేర్వేరు తప్పులు చెబుతాయి. మూలకు పోయేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. దీన్ని పట్టుకోవాలంటే స్థానాన్ని ఒక్కటే చూస్తే చాలదు, ప్రకాశాన్ని కూడా లెక్కలోకి తేవాలి.

పలక వాలు మరొకటి. పలక కటకపు అక్షానికి నిట్టనిలువుగా లేక ఒక వెంట్రుకవాసి వంగినా ఒక మూల చక్కబడి, ఎదుటి మూల చెడుతుంది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన హెర్బర్ట్ హాల్ టర్నర్ పలక మీది కొలతలను ఆకాశ స్థానాలుగా మార్చడానికి ఒక సులువైన పద్ధతి చూపాడు. పలకకు ఆరు స్థిరాంకాలు కనుక్కుంటే చాలు: పలక ఎటు జరిగింది, ఎంత తిరిగింది, స్కేలు ఎంత అన్నవి అందులోకి వస్తాయి. వాలునూ కోమానూ మాత్రం ఆ ఆరూ మింగలేవు. వాటికి ఇంకొన్ని పదాలు కలపాలి. చేతి లెక్కల కాలంలో ఒక్కో పదం కలపడం ఎన్ని నెలల పనో ఊహించుకోండి.

ఇప్పటి యువకుడి చేతిలోని పరికరానికీ ఇవే రోగాలు. పేర్లు మారాయి, అంతే. భువనగిరిలో నాకు పరిచయమున్న ఒక యువకుడు తీసిన చిత్రాన్ని చూశాను. కుడివైపు పై మూల చుక్కలు సాగి ఉన్నాయి, ఎడమవైపు కింది మూలలో గుండ్రంగా ఉన్నాయి. ఇటువంటప్పుడు నేను చెప్పేది ఒకటే: ముందు రోగం ఏదో తేల్చండి, తరువాత మందు. చిత్రమంతటా, నడుమ కూడా, చుక్కలన్నీ ఒకే దిక్కుకు సాగితే దోషం కటకానిది కాదు. నక్షత్రాలను వెంబడించే యంత్రానిది, లేదా గాలి తగిలి ఉంటుంది. చుక్కలు ఒక బిందువు చుట్టూ తిరిగినట్టు వంపుగా ఉంటే ధ్రువం వైపు అక్షం సరిగా గురిపెట్టలేదన్నమాట. నాలుగు మూలలూ సమానంగా చెడి, తోకలు నడుమ నుంచి బయటికి చూస్తుంటే అది కోమా, లేదా క్షేత్రాన్ని చదును చేసే ఫ్లాటెనర్‌కూ సెన్సర్‌కూ మధ్య ఎడం తప్పింది. చాలా ఫ్లాటెనర్లకు ఆ ఎడం 55 మిల్లీమీటర్లు ఉండాలి. మిల్లీమీటరు తేడాకే మూలలు చెప్పేస్తాయి. సాధారణంగా చుక్కలు బయటికి సాగితే ఎడం తక్కువైందనీ, నడుమ చుట్టూ వలయాల్లా సాగితే ఎక్కువైందనీ గ్రహిస్తారు. ఒక మూలే చెడితే వాలు. వాలు ఎక్కడుందో తెలియాలంటే కెమెరాను మాత్రమే 90 డిగ్రీలు తిప్పి మళ్లీ అదే ఆకాశాన్ని తీయాలి. చెడ్డ చుక్కలు చిత్రంలో పాత మూలలోనే ఉంటే వాలు కెమెరాలోపల, సెన్సర్‌లో ఉంది. మూల మారితే దోషం దూరదర్శినిది, లేదా కెమెరాను పట్టుకున్న గొట్టానిది. చూడండి, ఇది పారిస్ పెద్దల ఉపాయానికి తమ్ముడు: అదే చుక్కను పరికరంలో వేరొక చోట నిలబెట్టి సాక్ష్యం అడగడం. ఆ కుర్రవాడి విషయంలో గొట్టం బరువుకు ఒరిగిపోతోందని తేలింది. మూలలు కత్తిరించి పెట్టుకుంటే ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

పారిస్ పథకాన్ని వెటకారం చేసినవారు చాలామంది ఉన్నారు. అమెరికా వేధశాలలు అసలు చేరలేదు. వర్ణపటాలు తీసి నక్షత్రాల భౌతికశాస్త్రంలో అవి ముందుకు పోతుంటే, ఐరోపా ఇంకా చుక్కలు కొలుస్తూ కూర్చుందని చరిత్రకారులు రాశారు. అందులో నిజం లేకపోలేదు. పదేళ్ల పని దశాబ్దాలు పట్టింది. పటం భాగం అసంపూర్ణంగానే ఆగిపోయింది. కానీ ఆ చుక్కల కొలత మధ్యనే ఒక పిల్లవాడు పెరిగాడు. నిజామియాలో పనిచేసిన ఖగోళజ్ఞుడి కొడుకు వైణు బప్పు హైదరాబాదులో చదువుకుని, హార్వర్డ్ చేరి, 1949లో తాను తీసిన పలకలోనే తోకచుక్కను కనిపెట్టాడు. దానికి బప్పు-బాక్-న్యూకర్క్ అని పేరు. పలక మీద ఏది చుక్కో ఏది చుక్క కాదో గుర్తుపట్టే కన్ను ఊరికే రాదు. ఆ తరువాత ఉస్మానియావారు బేగంపేట వెలుతురును తప్పించుకుని రంగాపూర్, జాపాల్ గ్రామాల దగ్గర 48 అంగుళాల దర్పణ దూరదర్శినిని 1968లో నెలకొల్పారు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే చూశారు. అది వేరే కథ.

మన మూలల కథలో అసలు మలుపు ఇరవయ్యో శతాబ్దం చివరలో వచ్చింది. నక్షత్రాలు కదులుతాయి, ఎంత కదిలాయో తెలియాలంటే పాత స్థానం కావాలి. హిప్పార్కస్ ఉపగ్రహం 1991 ప్రాంతపు స్థానాలు ఇచ్చింది. పాత స్థానాలు ఎక్కడున్నాయి? అటకెక్కిన ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ సంపుటాల్లో. మాస్కోలోని స్టెర్న్‌బర్గ్ సంస్థవారు ఆ అంకెలను కంప్యూటర్‌లోకి ఎక్కించడంలో పెద్ద పాత్ర వహించారు. అమెరికా నౌకాదళ వేధశాలవారు పట్టీ పట్టీకీ, పరికరం పరికరానికీ మూలల్లో ఎటు ఎంత తప్పు వస్తోందో, వెలుగును బట్టి ఎలా మారుతోందో తేల్చి, అన్నిటినీ కొత్తగా లెక్కకట్టారు. 46 లక్షల నక్షత్రాలతో ఏసీ 2000 పట్టిక 1997లో వచ్చింది. దాన్ని ఉపగ్రహపు కొలతలతో కలిపి 2000లో టైకో-2 వెలువడింది. 25 లక్షల నక్షత్రాల చలనాలు అందులో ఉన్నాయి.

ఇది సాధ్యపడటానికి కారణం ఒకటుంది. ఆ సంపుటాల్లో అచ్చయినవి తుది స్థానాలు కావు. పలక మీద కొలిచిన ముడి అంకెలు. ఏ పలక, నడుమ నుంచి అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత. లెక్కలు చేసి, మెరుగుపెట్టి, పలక ఆనవాళ్లు చెరిపేసి స్థానాలు మాత్రమే ఇచ్చి ఉంటే, ఏ చుక్క మూలలో పడిందో ఎనభై ఏళ్ల తరువాత ఎవరికి తెలుస్తుంది? హైదరాబాదు దక్షిణపు పట్టీ పలకలో 0.35 సెకను తప్పు, అంటే గాజు మీద మిల్లీమీటరులో ఆరు వేలవంతులు, సరిదిద్దకుండా వదిలేస్తే డెబ్బై ఏళ్ల ఎడం మీద నక్షత్రపు చలనంలో ఏడాదికి అయిదు మిల్లీసెకన్ల అబద్ధం కలుస్తుంది. ఎన్నో దూరపు నక్షత్రాల చలనమే అంతకన్నా తక్కువ. కటకపు గుణాన్ని నక్షత్రపు గుణంగా రాసుకోవలసి వచ్చేది.

2013లో ఎగిరిన గయా ఉపగ్రహం వంద కోట్లకు మించిన నక్షత్రాలను ఏ పాత పలక సహాయమూ లేకుండానే కొలిచి, 2025 జనవరిలో పరిశీలనలు ముగించింది. దాని ముందు గాజు పలకలు వెలవెలబోయిన మాట వాస్తవం. అయినా గయా చూసింది పదేళ్లు మాత్రమే. వందేళ్లకొకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట నక్షత్రాల ఊగిసలాట పదేళ్ల ముక్కలో సరళరేఖలానే కనిపిస్తుంది. అటువంటిచోట వందేళ్ల కిందటి ఒక్క బిందువుకు విలువ ఉంది. బేగంపేటలో పాత వేధశాల ఉన్న చోటు నేడు ఆర్థిక సామాజిక అధ్యయనాల కేంద్రం ఆవరణలో ఉంది. పోకాక్, భాస్కరన్‌ల కాలపు కొలతల నుంచి తేలిన స్థానాలు ఏసీ 2000 పట్టికలో భాగంగా ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ ఖగోళ సమాచార కేంద్రంలో ఉన్నాయి. కావలసినవారు రుసుము లేకుండా దించుకోవచ్చు.